అంచులు కొయ్యకుండా ఉంటే అయిదుకి అయిదు ఇచ్చేవాణ్ణి

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక ఫొటో ల్యాబ్ ఉంది. పెళ్ళి ఆల్బమ్‌లు, పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు వాళ్ళ అసలు వ్యాపారం. ఈ మధ్య క్యాన్వాస్ మీద కూడా ప్రింట్లు వేసి, చెక్క ఫ్రేముకు బిగించి ఇస్తున్నారు. పాతకాలం చిత్రకారులు తమని తాము వేసుకున్న ఆరు బొమ్మలు నేను అక్కడ వేయించాను. సరుకు బాగుంది, మనుషులు మంచోళ్ళు, రేటు న్యాయం. కానీ పెళ్ళికూతురు ఫొటోకి చేసే పనులన్నీ డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్‌కి కూడా చేసి పెట్టారు. ఆ సంగతే రాస్తున్నా. షాపు పేరు మాత్రం రాయను. ఇదే పని ఊళ్ళో ఇంకెక్కడ చేయించినా ఇట్టాగే జరుగుతుందని నా నమ్మకం.

మాది కోవూరు. చాలా ఏళ్ళు బోర్డులు రాశాను. రేకు బోర్డులు, గుడ్డ బ్యానర్లు, ఎలక్షన్లప్పుడు గోడల మీద గుర్తులు, లారీల వెనక నెమళ్ళు, తామరపూలు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ఇంటి ముందు గదిలో పిల్లలకు డ్రాయింగ్ నేర్పుతున్నా. మన పొట్ట కొట్టిన మిషన్ దగ్గరికే పోయి, డబ్బులిచ్చి మరీ బొమ్మలు వేయించుకుంటావా అని పాత జతగాడొకడు నవ్వాడు. నవ్వనీ. నూనెరంగుల్లో స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెత్‌ని కాపీ కొట్టే ఓపిక నాకిప్పుడు లేదు.

ఈ ఆరు బొమ్మలే ఎందుకంటే, ఒక పిల్లాడి తండ్రి వల్ల. కొడుకుని దింపిపోతూ, "బొమ్మలు సరేగానీ సార్, రేపు వీడు పెయింటరై కూర్చుంటాడేమో" అన్నాడు. పక్కనే నేనున్నానన్న ధ్యాస కూడా లేదు. సరే, పెయింటర్లు తమని తాము ఎట్టా చూసుకున్నారో గోడకు కొడదాం, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు చూస్తారు అనుకున్నా.

మా బోర్డుల పనిలో మా మొహం ఎక్కడా ఉండదు. కింద మూల చిన్న అక్షరాలతో పేరు, దాని పక్కన 'ఆర్ట్స్', ఫోన్ నంబరు. అంతే. దానిక్కూడా బేరం ఉండేది: "నీ పేరు కనపడీ కనపడనట్టు రాసుకో, నా షాపు పేరు కంటే నీదే మెరుస్తా ఉంది" అనేవాళ్ళు. ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. లేపాక్షి గుడి కప్పు మీద గుడి కట్టించిన విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ముల బొమ్మలున్నాయి. ఆ బొమ్మలు వేసినవాడి మొహం ఏదీ? అందుకే నేను ఏ బొమ్మ చూసినా ముందు మూలలు చూస్తా. చిత్రకారుడు తన పనిముట్లను, తన సంతకాన్ని, ఒక్కోసారి తననే అక్కడ పెడతాడు. ల్యాబ్ వాళ్ళ మిషన్ ముందు కొట్టేసేది కూడా ఆ మూలల్నే. ఈ ఒక్క ముక్క తెలిస్తే మీ డబ్బు దండగ కాదు.

ముందు మంచి సంగతులు. క్యాన్వాస్ గుడ్డ మందంగా ఉంది, నేత కనపడుతుంది. ఇంకు చేత్తో రుద్దినా అంటలేదు. ఫ్రేము పైన్ చెక్క, నాలుగు మూలలూ సరిగ్గా తొంభై డిగ్రీలు వచ్చాయి. నేను మూలమట్టం పెట్టి చూశాను, అలవాటు పోదు కదా. వెనక స్టేపుల్ పిన్నులు దగ్గర దగ్గరగా కొట్టారు. మూలల దగ్గర గుడ్డ మడత చక్కగా పెట్టారు, ఉబ్బు లేదు. పన్నెండు పద్దెనిమిది అంగుళాల సైజు ఒక్కోటి 950 రూపాయలు. ఆన్‌లైన్‌లో చూసినదాని కంటే తక్కువే. పైగా పార్శిల్‌లో ఫ్రేము విరుగుతుందన్న టెన్షన్ లేదు.

బొమ్మల ఫైళ్ళు మనమే తీసుకెళ్ళాలి. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, స్మిత్సోనియన్ లాంటి మ్యూజియాలు పాత బొమ్మల్ని పెద్ద సైజులో ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోనిస్తాయి. మా స్టూడెంట్ ఒకమ్మాయి అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. వాట్సాప్‌లో ఫొటోగా మాత్రం పంపకండి, సైజు చచ్చిపోతుంది.

ఇక జరిగింది. షాపులో ఉన్న సైజులు ఎనిమిది పన్నెండు, పన్నెండు పద్దెనిమిది, పదహారు ఇరవైనాలుగు, ఇరవై ముప్ఫై. అన్నీ ఒకే లెక్క, రెండుకి మూడు. కెమెరా ఫొటో ఆ కొలతలో వస్తుంది కాబట్టి వాళ్ళకది సుఖం. పాత చిత్రకారులకు ఆ లెక్కతో పనేముంది? వెలాస్కెత్ 1656లో వేసిన 'లాస్ మెనినాస్' 318 సెంటీమీటర్ల ఎత్తు, 276 వెడల్పు. ఇంచుమించు చదరం. దాన్ని రెండుకి మూడులో ఇరికించాలంటే రెండు పక్కలా కొయ్యాలి. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు ఫ్రేమంతా నిండేలా చేసే 'ఫిల్' నొక్కాడు, అది కోసేసింది.

ఏం పోయిందో చెప్తాను. ఆ బొమ్మలో స్పెయిన్ రాజకుమారి మధ్యలో నిలబడి ఉంటుంది. ఎడమ అంచున, పై నుంచి కింది దాకా, పెద్ద క్యాన్వాస్ వెనక భాగం. దాని ముందు పాలెట్ అనే రంగులు కలుపుకునే పలక, పొడుగు కుంచె పట్టుకుని వెలాస్కెత్. నా ప్రింటులో క్యాన్వాస్ పోయింది. మిగిలింది గాల్లో కుంచె పట్టుకుని దిక్కులు చూసే పెద్దమనిషి. రాజుగారింట్లో ఏదో పోగొట్టుకుని వెతుక్కుంటున్నట్టున్నాడు! కుడి అంచున కుక్క మీద కాలు పెట్టిన మరుగుజ్జు కుర్రాడు కూడా సగమయ్యాడు.

అసలు ఆ బొమ్మంతా ఆ క్యాన్వాస్ కోసమే. ఆ కాలంలో స్పెయిన్‌లో బొమ్మలు వెయ్యడమంటే చేతిపని, చెప్పులు కుట్టడం, వడ్రంగం వరసలో లెక్క. వెలాస్కెత్‌కి శాంటియాగో అనే గౌరవ కూటమిలో చేరాలని కోరిక. అందులో చేరాలంటే చేతిపని చేసుకుని బతికినవాడు కాకూడదు. విచారణ పెట్టారు. తోటి చిత్రకారులు వచ్చి, ఈయన డబ్బుకోసం బొమ్మలు వెయ్యలేదు, అంగడి పెట్టలేదు అని సాక్ష్యం చెప్పారు. 1659లో చేర్చుకున్నారు, మరుసటేడు ఆయన పోయాడు. బొమ్మలో ఆయన గుండె మీద ఎర్ర శిలువ గుర్తు ఆ కూటమిదే, తర్వాత వేసింది. గుండె మీద బిరుదు, చేతిలో కుంచె, రెండూ ఒకే మనిషికి. అడుగుకి ఇంతని బోర్డులు రాసిన నాకు ఆ మనిషి బాధ బాగా తెలుస్తుంది. కుంచె దాచుకోలేదు చూడండి, అందుకు ఆయనంటే ఇష్టం.

దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. జర్మనీ డ్యూరర్ 1500లో వేసుకున్న బొమ్మలో కుంచె లేదు, పాలెట్ లేదు. ఎదురుగా సూటిగా చూస్తూ, బొచ్చు కోటు కాలరు మీద చెయ్యి పెట్టుకుని, జుట్టు భుజాల మీద పరుచుకుని, చర్చిల్లో క్రీస్తుని వేసే పద్ధతిలో తన్ను తాను వేసుకున్నాడు. అప్పుడాయనకి ఇరవై ఎనిమిది. ఆ పొగరు చూస్తే నాకు నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. కొన్నేళ్ళ తర్వాత వెనిస్ నుంచి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఇక్కడ నేను దొరని, మా ఊళ్ళో తేరగా తినేవాణ్ణి అన్నాడు. ఈ ప్రింటు మాత్రం ల్యాబ్ వాళ్ళు అద్భుతంగా తీశారు. కాలరు బొచ్చులో వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. తల పక్కన ఒకవైపు ఆయన గుర్తు, ఇంకోవైపు లాటిన్ రాత, రెండూ అంచుకి కాస్త లోపలే ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి.

బిచిత్ర్ బతకలేదు. ఈయన జహంగీర్ కొలువులో చిత్రకారుడు. సుమారు 1615 నుంచి 1618 మధ్య ఒక బొమ్మ వేశాడు. పెద్ద ఇసుక గడియారాన్నే సింహాసనం చేసుకుని కూర్చున్న జహంగీర్, ఒక సూఫీ ముసలాయనకి పుస్తకం ఇస్తుంటాడు. కింద వరసలో టర్కీ సుల్తాను, ఇంగ్లండు రాజు జేమ్స్, వాళ్ళ కింద ఎడమ మూల చేతిలో చిన్న బొమ్మ పట్టుకున్న ఒక మనిషి. అది బిచిత్ర్ తానే అంటారు. ఆ చేతిలో బొమ్మలో ఒక ఏనుగు, రెండు గుర్రాలు, వాటి పక్కన వంగి దణ్ణం పెడుతున్న బిచిత్ర్ మళ్ళీ. సంతకం ఎక్కడ పెట్టాడో తెలుసా? చక్రవర్తి కాలు పెట్టుకునే పీట మీద. ఇంగ్లండు రాజు ఉన్న వరసలోనే నేనూ ఉన్నాను, కానీ అందరికంటే కిందున్నాను, కానీ ఉన్నాను అని చెప్తున్నట్టుంది. మా బోర్డుల మూల 'ఆర్ట్స్'కి తాతగారు ఈయనే.

క్యాన్వాస్ ప్రింటుకి ఒక పద్ధతుంది. గుడ్డని ఫ్రేము అంచుల మీదుగా పక్కలకి మడిచి వెనక పిన్ను కొడతారు. నాలుగు వైపులా అంగుళంన్నర బొమ్మ ఆ మడతలోకి పోతుంది. పెళ్ళి ఫొటో అయితే పోయేది షామియానా, ఇక్కడ పోయింది చిత్రకారుడు. బిచిత్ర్ సగం శరీరంతో ఫ్రేము పక్కకి తిరిగిపోయాడు, గోడ వైపు మొహం పెట్టి. షాపమ్మకి చూపించి, "అమ్మా, ఈ బొమ్మ వేసినాయన ఈయనే, ఈయన్నే మడత పెట్టేశారు" అన్నాను. ఆమె ఒక్క క్షణం చూసి, "అయ్యో అన్నా, మూలలో ఎవరో నౌకరు అనుకున్నాం" అంది. నిజమే, చక్రవర్తి కూడా అట్టాగే అనుకుని ఉంటాడు.

రెంబ్రాంట్ విషయానికొస్తే కోపం వచ్చింది. లండన్ కెన్‌వుడ్ హౌస్‌లో ఉన్న బొమ్మ, 1669లో పోయే ముందు చివరి ఏళ్ళలో వేసింది. 1656లోనే దివాలా తీశాడు, ఇల్లూ వాకిలీ సామానూ అమ్ముడుపోయాయి. బొమ్మలో నెత్తిన పని చేసేటప్పుడు పెట్టుకునే తెల్ల టోపీ. చేతిలో పాలెట్, కుంచెలు, ఒక కర్ర. ఆ కర్ర చూసి నేను గుర్తుపట్టాను: సన్న అక్షరాలు రాసేటప్పుడు చెయ్యి వణక్కుండా, తడి రంగుకి తగలకుండా ఆనించుకునే కర్ర. మా గురువుగారు వెదురుతో చేసుకుని, కొసకి గుడ్డ చుట్టేవారు. మూడున్నర శతాబ్దాల కిందటి డచ్చి మనిషి చేతిలో మా బోర్డుల షెడ్డు సామాను. ఆ సామాను పట్టుకున్న చెయ్యిని మాత్రం నాలుగు గీతలతో తేల్చేశాడు, వేళ్ళు కూడా సరిగా లేవు. మొహం దగ్గరికొస్తే ముద్దలు ముద్దలుగా రంగు. ఎక్స్‌రే తీసి చూస్తే అడుగున చేతుల అమరిక వేరేగా ఉందట. అద్దంలో చూసి వేసుకుంటే కుంచె ఎడమ చేతిలోకి వస్తుంది కదా, అట్టా మొదలుపెట్టి తర్వాత మార్చేశాడు.

ల్యాబ్ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో మొహం కనపడగానే దానంతటదే నునుపు చేసే ఏర్పాటుంది. పెళ్ళి ఫొటోలకి అది లేకపోతే గొడవలవుతాయట. రెంబ్రాంట్ కళ్ళ కింద సంచులు, బుగ్గ మీద మడతలు, ముక్కు మీద ఎర్రదనం అన్నీ తుడిచేసింది. అరవై ఏళ్ళ ప్రాంతంలో ఉన్న దివాలా మనిషి నలభై ఏళ్ళ రియల్ ఎస్టేట్ ఆసామిలా తేలాడు. దాదాపు నలభై సార్లు తన మొహాన్ని రంగుల్లో వేసుకున్నాడు ఆయన. ఏటికేడు ముసలితనం ఎట్టా వచ్చిందో దాచకుండా పెట్టాడు. ఆ కష్టమంతా ఒక్క క్లిక్‌తో పోయింది.

ఇంకా ఉంది. వెనక గోడ మీద రెండు పెద్ద వలయాల ముక్కలు ఉంటాయి ఆ బొమ్మలో. అవి ఎందుకు వేశాడన్నది పండితులకే తేలలేదు. ప్రపంచ పటం అని కొందరు, చేత్తో సున్నా గీసి తన పనితనం చూపిన పాతకాలం ఇటలీ చిత్రకారుడు జొట్టో కథ అని కొందరు. కుర్రాడు ఫోన్ చేసి, "సార్, వెనక గోడ మీద ఏవో గీతలున్నాయి, స్కానింగ్‌లో పడినట్టున్నాయి, తీసేద్దామా?" అన్నాడు. "ఒరే అబ్బయా, వాటి మీద మూడొందల పేజీల పుస్తకాలు రాసుకుంటున్నారు, వాటి జోలికి పోవాకు" అన్నాను. అడిగినందుకు మాత్రం అతన్ని మెచ్చుకోవాలి. అడక్కుండా తీసేసేవాళ్ళే ఎక్కువ.

వాన్ గో విషయంలో రంగు మారింది. ఇది 1889లో ఫ్రాన్సులోని సెయింట్ రెమీ ఆసుపత్రిలో, జబ్బు నుంచి లేచాక వేసుకున్నది. నీలం పని చొక్కా, చేతిలో పాలెట్, కుంచెలు, వెనక ముదురు ఊదా నీలం. మొహంలో ఆకుపచ్చ. సన్నగా పాలిపోయి ఉన్నానని తమ్ముడికి తానే రాశాడు. 'ఆటో కలర్' ఆ ఆకుపచ్చని తప్పనుకుని గులాబీ చేసింది. మంచి సోపుతో స్నానం చేసి వచ్చినట్టున్నాడు. దాదాపు ముప్ఫై అయిదు సార్లు తన్ను తాను వేసుకున్నాడు వాన్ గో, చాలావరకు పారిస్‌లో, మోడల్‌కి ఇవ్వడానికి డబ్బుల్లేక. పిల్లలకి ఈ ముక్క చెప్తే వాళ్ళకి భలే నచ్చింది: అద్దం ఒకటుంటే చాలు, కూలి అడగని మోడల్ దొరికినట్టే.

ఆరోది జూడిత్ లేస్టర్. డచ్చి అమ్మాయి, సుమారు 1630లో వేసుకుంది. కుర్చీలో వెనక్కి వాలి, నోరు కాస్త తెరిచి, "ఆ, చెప్పండి" అన్నట్టు మనవైపు తిరిగింది. బొమ్మ ఆనించే ఈజిల్ స్టాండు మీద ఫిడేలు వాయించే నవ్వు మొహంవాడు. ఒక చేతిలో పాలెట్, గుత్తులు గుత్తులుగా కుంచెలు. ఆ వెడల్పాటి తెల్ల కాలరు, ఖరీదైన గౌను వేసుకుని ఎవరూ నూనెరంగులతో పనిచెయ్యరు. మా ఆవిడ చూడగానే, "చీర పాడవదా?" అంది. కానీ ఆమె చెప్పుకునేది అదే: నేను బాగా సంపాదించుకుంటున్న పనిదాన్ని, నాకు అయిదారు రకాల బొమ్మలు వెయ్యడం వచ్చు, ఇదుగో శాంపిల్. మా కాలంలో షాపు ముందు నాలుగు రకాల అక్షరాలతో రాసి వేలాడదీసిన రేకు ముక్కే ఇది. నా ప్రింటులో ఈజిల్ సగం తెగింది, ఫిడేలువాడి చెయ్యి పోయింది. అయినా ఆమె నవ్వు పోలేదు, ఈ ఒక్కటీ మా గదిలో పిల్లలకు అన్నిటికంటే ఇష్టం.

షాపమ్మ గురించి చెప్పాలి. నేను ఫ్రేములు తిరిగి పట్టుకెళ్ళి ఒక్కోటీ చూపిస్తే విసుక్కోలేదు. కూర్చోబెట్టి టీ తెప్పించింది. వెలాస్కెత్, బిచిత్ర్, రెంబ్రాంట్, వాన్ గో, నాలుగూ మళ్ళీ వేసిచ్చింది, గుడ్డ ఖర్చు మాత్రం తీసుకుని. వెలాస్కెత్‌కి ఫ్రేము కొలత మార్చి ఇరవై ఇరవైమూడు చేయించింది. వాళ్ళ వడ్రంగి అదే రోజు కొట్టిచ్చాడు. దానికి వేరే రేటు, 1,600. రెండో విడత ప్రింట్లలో ఆకుపచ్చ ఆకుపచ్చగా, ముడతలు ముడతలుగా వచ్చాయి. రెంబ్రాంట్ కోటు నలుపు మాత్రం ఇప్పటికీ కాస్త బూడిదగా ఉంది, అది ఇంకు సంగతి, ఆ మిషన్ మీద అంతకంటే రాదు.

మీరు వెళ్తే ముందే కాగితం మీద రాసివ్వండి. 'ఫిల్' వద్దు, బొమ్మంతా పట్టేలా 'ఫిట్' పెట్టండి. మొహం నునుపు చెయ్యొద్దు. ఆటో కలర్ ఆపండి. చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదలండి, ఆ తెలుపే పక్కలకి మడవండి. పైన మెరిసే గ్లాసీ లామినేషన్ చేస్తామంటారు, వద్దనండి, మెరుపు లేని మ్యాట్ చాలు. గ్లాసీ చేయిస్తే ట్యూబులైటు తప్ప ఏమీ కనపడదు. నోటితో చెప్తే కౌంటర్ దగ్గర తల ఊపుతారు, లోపల కంప్యూటర్ దగ్గరికి ఆ మాట చేరదు.

నేను ఇప్పటికి అయిదుకి మూడున్నర ఇస్తున్నా. తర్వాతి ఆర్డరు ఇటలీ చిత్రకారిణి ఆర్టెమీసియా జెంటిలెస్కీ, సుమారు 1638లో వేసుకున్నది. చిత్రకళని ఆడమనిషి రూపంలో వేసే ఆచారం అప్పట్లో ఉండేది. మెళ్ళో మాస్కు వేలాడే గొలుసు ఆ రూపానికి గుర్తు. మగ చిత్రకారుడెవడూ 'నేనే చిత్రకళని' అని తన బొమ్మ వేసుకోలేడు, ఈమె వేసుకుంది. వొంటిని మెలితిప్పి, కుంచె పట్టిన చెయ్యి పైకి చాపి, మన మొహం కూడా చూడకుండా పనిలో ఉంటుంది. ఆ చెయ్యి పై ఎడమ మూల దాకా పోతుంది, పాలెట్ కింది అంచుకి ఆనుకుని ఉంటుంది. అంటే ఈ ల్యాబుకి అసలు పరీక్ష ఇదే. కాగితం రాసిచ్చి అడ్వాన్సు కట్టి వచ్చాను. వారం పడుతుందన్నారు, పెళ్ళిళ్ళ సీజన్ కదా, పది రోజులు వేసుకోండి. ఫోన్‌పే తీసుకుంటారు. ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటారు. బండి పెట్టుకోవడానికి సందులో చోటు లేదు, మెయిన్ రోడ్డు మీదే పెట్టుకుని నడిచి వెళ్ళండి.